బాణంతో ఎల్క్ వేట: గురి గురించిన అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని కొలరాడో కొండల్లో, పెద్ద జింక జాతి అయిన ఎల్క్‌లు జతకట్టే కాలమూ విల్లు వేట కాలమూ సెప్టెంబరులో కలిసి వస్తాయి. చాలా ఏళ్లుగా ఆ నెలలో సెలవు పెట్టి అడవికి వెళ్తున్నాను. ఇక్కడ స్థిరపడి, హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) పూర్తిచేసి కొత్తగా విల్లు పట్టిన తెలుగు మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ‘బాణం ఎక్కడ తగలాలి?’ అన్నదే. (భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, ఈ మాటలన్నీ లైసెన్సుతో వేట సాగే ఈ ప్రాంతానికే పరిమితం.)

అపోహ: గుండెకే గురిపెట్టాలి.

వాస్తవం: బాణం తుపాకి గుండులా దెబ్బ అదురుతో పడగొట్టదు, దాని మొనకున్న అలుగులు రక్తనాళాలను కోయడం వల్ల, ఊపిరితిత్తుల్లో గాలి నిలవకపోవడం వల్ల జంతువు చనిపోతుంది. గుండె రొమ్ము ఎముకకు ఆనుకొని, ముంగాళ్ల నడుమ బాగా కిందుగా ఉంటుంది కనుక గురి నాలుగు వేళ్లు కిందికి జారితే బాణం రొమ్ము కండలోంచి పోతుంది, ముందుకు జారితే కాలి ఎముకకు తగులుతుంది. ఊపిరితిత్తులు రెండూ కలిసి ఛాతీలో అత్యధిక భాగాన్ని ఆక్రమిస్తాయి. అందుకే పక్కకు తిరిగి నిలిచిన ఎల్క్‌కు ఛాతీ ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురిపెట్టమంటాను. అక్కడ చిన్న పొరపాటుకు చోటు ఉంది.

అపోహ: ముంగాలు నిటారుగా పైకి వెళ్తుంది, కాబట్టి భుజమంతా ఎముకల గోడే.

వాస్తవం: చర్మం ఒలిచి చూసినవారికి ఈ భ్రమ ఉండదు. జబ్బ ఎముక (భుజపు పలక ఎముక) మూపు దగ్గర మొదలై ముందుకు, కిందికి వాలుతుంది. దాని చివర నుంచి భుజాస్థి (ముంగాలి పై ఎముక) వెనక్కి మళ్లి మోచేతి కీలు దాకా వస్తుంది. ఈ రెండూ కలిసి పక్కకు పడుకోబెట్టిన ‘వి’ ఆకారంలో, కోణం ముందుకు తిరిగి ఉంటాయి; ఆ ‘వి’ నోటి వెనకనే ఊపిరితిత్తులు ఉన్నాయి. ఇంకో సంగతి: మనకు ఉన్నట్టు ఎల్క్‌కు జత్రుక (మెడ కింది కాలర్ ఎముక) లేదు, ముంగాలిని మొండేనికి కలిపే ఎముకల కీలే లేదు. మాంసం కోసేటప్పుడు కాలిని పైకెత్తి పట్టుకొని చంక కింద కత్తి ఆడిస్తే, ఎముకకు ఎక్కడా తగలకుండా కాలు మొత్తం చేతికి వచ్చేస్తుంది, దాని వెనక పక్కటెముకలు వరుసగా కనిపిస్తాయి. అందువల్లే జంతువు అడుగు వేసిన ప్రతిసారీ జబ్బ ఎముక కదులుతుంది. దగ్గరి ముంగాలు ముందుకు చాచిన క్షణంలో ఛాతీ మరింత తెరుచుకుంటుంది. అయితే బలమైన విల్లు ఉంటే జబ్బ ఎముకనైనా చీల్చుకుపోవచ్చనే ధీమా మంచిది కాదు. దాని పైభాగం పలచనే అయినా, మధ్యన ఉన్న గట్టూ కీలు వైపు మందపాటి భాగమూ బాణాన్ని అక్కడే ఆపేస్తాయి.

అపోహ: వెన్నెముకకూ ఊపిరితిత్తులకూ నడుమ ఖాళీ ఉంది, బాణం అందులోంచి వెళ్తే జంతువు బతికిపోతుంది.

వాస్తవం: అలాంటి ఖాళీ లేదు, ఊపిరితిత్తులు వెన్నెముకను ఆనుకొనే ఉంటాయి. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు స్వానుభవంతోనే తెలుసు. ఒక సాయంత్రం ముప్ఫై గజాల దూరంలో నా బాణం మూపు కింద, చూడటానికి ఛాతీలోనే అన్నట్టు తగిలింది. మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికినా నాలుగు చుక్కల నెత్తురు తప్ప ఏమీ దొరకలేదు. మరుసటి ఏడాది మరో ఎల్క్‌ను కోస్తూ మూపు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూశాను. వెన్నుపూసల నుంచి పైకి లేచిన పొడవాటి ఎముక కొమ్ముల మీదే ఆ చెయ్యి మొత్తం పడింది, అసలు వెన్నెముక ఇంకా కిందనే ఉంది. మనం వీపు అనుకునే గీతకు అంగుళాల కొద్దీ లోతున వెన్నెముక ఉంటే, నేను ‘ఖాళీ’లోంచి పంపాననుకున్న బాణం నిజానికి వెన్నెముకకు పైనున్న కండలోంచి పోయింది.

అపోహ: జంతువు ఎటు తిరిగి ఉన్నా గురి ముంగాలి వెనకే.

వాస్తవం: బాణం ఎక్కడ దిగిందన్నదాని కన్నా ఎక్కడ బయటికి వస్తుందన్నది ముఖ్యం. ఎల్క్ మనకు కాస్త వీపు తిప్పి ఏటవాలుగా నిలిచినప్పుడు ఆవలి ముంగాలిని లక్ష్యంగా ఊహించుకుంటే, ఈవలి పక్కన గురి సహజంగానే వెనక్కి జరుగుతుంది. మనవైపు తిరిగి ఉంటే మాత్రం నేను విల్లు దించేస్తాను. ఎల్క్ కూత విన్నంతనే పొదలోకి బాణం వదిలేవారికి దశరథుడి శబ్దవేధి కథ ఎవరైనా చెప్పాలి. పక్కకే నిలిచినా నిలకడ చూసుకోవాలి: సెకనుకు 82 మీటర్ల వేగంతో వెళ్లే బాణం నలభై గజాలు చేరడానికి అర సెకనుకు కాస్త తక్కువే పడుతుంది, కానీ అల్లెతాడు చప్పుడు అంతకు ముందే దాని చెవిన పడుతుంది, ఒక అడుగు వేయడానికి ఆ తేడా చాలు.

అపోహ: తగిలిన వెంటనే వెంటాడాలి.

వాస్తవం: ముందు బాణాన్ని చూడాలి. లేత ఎరుపు నురగ ఊపిరితిత్తులది. అరగంట ఆగితే చాలు. చిక్కటి ముదురు నెత్తురు కాలేయానిది కావచ్చు, దానికి కొన్ని గంటలు ఆగాలి. పచ్చని పిప్పి, నెమరు వాసన ఉంటే పొట్టలో తగిలినట్టే. ఆవులో లాగే ఎల్క్‌లో కూడా పెద్ద పొట్ట ఎడమవైపున, కాలేయం కుడివైపున ఉంటాయి కనుక ఏ పక్కన తగిలిందో గుర్తుంచుకోవడం ఇక్కడ పనికొస్తుంది. పొట్ట దెబ్బకు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదలకుండా ఆగాలి, ఎందుకంటే తరమకపోతే అది దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే మైళ్లు నడుస్తుంది. బాణం తగిలిన చోట చెట్టుకు రంగు రిబ్బను కట్టి, వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెనక్కి వెళ్తాను.