ముక్కు ఒక్కటే మిగిలిన ముఖం

ఆ బొమ్మని మొదటిసారి ఫోటోలో చూసినప్పుడు ఇదేదో ఈమధ్య ఎవరో మోడ్రన్ ఆర్టిస్ట్ చేసిందే అనుకున్నా. తెల్లటి పాలరాయి, కాస్త వెనక్కి వాలిన తల, ముఖంలో కళ్ళు లేవు నోరు లేదు, పొడుగాటి ముక్కు ఒక్కటే. చేతులు పొట్ట మీద మడిచి పెట్టుకుంది, కుడి చెయ్యి కింద, ఎడం చెయ్యి పైన. తీరా చూస్తే దాని వయసు సుమారు 4500 ఏళ్ళు!

గ్రీస్‌కీ టర్కీకీ మధ్య ఏజియన్ సముద్రంలో సైక్లడీస్ అని చిన్న చిన్న దీవుల గుంపు ఉంది, నాక్సోస్, పారోస్, అమోర్గోస్, కేరోస్ ఇవన్నీ అందులోవే. క్రీ.పూ. 3200 నుంచి 2000 దాకా అక్కడ బతికినవాళ్ళు చెక్కుకున్న బొమ్మలివి. వాళ్ళు రాసి పెట్టింది ఒక్క అక్షరం కూడా లేదు కాబట్టి ఆ బొమ్మ దేవతా, చనిపోయిన మనిషా, ఇంకేదన్నానా అని అడిగితే చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎక్కువశాతం జానెడు, మూరెడు సైజువే, కానీ అమోర్గోస్‌లో దొరికిందని చెప్పే ఒకటి మాత్రం దాదాపు మనిషంత, 1.5 మీటర్లు ఉంటుంది, ఏథెన్స్ నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంలో ఉంది.

పాలరాయి మరీ గట్టి రాయేం కాదు, రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద 3. నాక్సోస్‌లోనే ఎమరీ అనే రాయి దొరుకుతుంది, దాని గట్టిదనం 8 దాకా పోతుంది, అందుకే దాంతో రుద్దితే పాలరాయి అరుగుతుంది. మన పెయింటర్లు గోడ రుద్దడానికి హార్డ్‌వేర్ షాపులో కొనే ఎమరీ పేపర్ ఉందే, ఆ పేరు ఈ రాయిదే. సన్నటి గీతలకేమో మీలోస్ దీవి నుంచి వచ్చే అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతం కక్కిన నల్లటి గాజు రాయి. పాదాలు చూడండి, వేళ్ళు కిందకి వంగి ఉంటాయి, నిలబెడితే పడిపోతుంది, మ్యూజియంలో కింద ఏదో ఆసరా పెట్టి నిలబెడుతున్నారు గానీ అది అసలు పడుకున్న బొమ్మేమో అని చాలామంది అనుమానం.

ఇక ముఖం సంగతి. అది ఖాళీ ముఖం కాదు, రంగు పోయిన ముఖం. ఎరుపు, నీలం రంగులతో కళ్ళు, కనుబొమ్మలు, జుట్టు, కొన్నిటికి బుగ్గల మీద చుక్కలు కూడా వేశారు. ఎరుపుకి సిన్నబార్, నీలానికి అజురైట్ అనే ఖనిజాలు వాడారు, ఆ రంగు పొడి కొన్ని బొమ్మల మీద ఇంకా అంటుకునే ఉంది. రంగు పూర్తిగా పోయినచోట కూడా ఒక గుర్తు మిగిలింది, గోడకి ఏళ్ళ తరబడి వేలాడిన క్యాలెండర్ తీసేస్తే దాని వెనక గోడ వేరేగా కనిపిస్తుంది చూడండి, అలాంటిదే. రంగు ఉన్నన్నాళ్ళూ దాని కింద రాయి అరగలేదు, చుట్టూ ఉన్న రాయి అరిగింది, అందుకే లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే బాదంకాయలాంటి కన్ను ఒకటి వెంట్రుకవాసి ఎత్తులో బయటపడుతుంది. నాకైతే ఆ బుగ్గల చుక్కల గురించి చదివాక తెల్ల బొమ్మని తెల్లగా చూడటం కుదరట్లేదు.

కానీ లోకం తెల్లగానే చూసింది. 19వ శతాబ్దంలో వీటిని మోటు బొమ్మలని తీసిపారేశారు, ఆ తర్వాత పికాసో, బ్రాంకూసీ లాంటి మోడ్రన్ ఆర్టిస్టుల కాలం వచ్చి ఇలాంటి నున్నటి ఖాళీ రూపాలకి మోజు పెరిగింది, మోజుతో రేటు, రేటుతో పాటు గునపాలు. డేవిడ్ గిల్, క్రిస్టఫర్ చిప్పిండేల్ అనే ఆర్కియాలజిస్టులు 1993లో లెక్కలు తీస్తే తెలిసిన బొమ్మల్లో పదో వంతు మాత్రమే పద్ధతిగా తవ్విన చోట దొరికినవి, మిగతావి మార్కెట్‌లో తేలినవి. ఇన్ని బొమ్మలు బయటికి రావాలంటే సుమారు 12,000 సమాధులు తవ్వేసి ఉంటారని వాళ్ళ అంచనా. సమాధి పోతే పోయింది, బొమ్మ ఉంది కదా అనుకోడానికి లేదు. పాలరాయిలో కార్బన్ ఉంది గానీ అది కోట్ల ఏళ్ళ నాటిది, కార్బన్ డేటింగ్‌కి పనికిరాదు, బొమ్మ ఎప్పటిదో చెప్పాల్సింది పక్కనున్న కుండ, ఎముక, మట్టి పొర. అవి లేకపోతే అసలుదో, నిన్నగాక మొన్న చెక్కిందో తేల్చడం కూడా గగనమే.

కేరోస్ దీవిలో ఒకచోట దొంగలు ముందే తవ్వి పారేశారు. వాళ్ళ చెయ్యి పడని ఇంకో చోటు అక్కడికి దగ్గర్లోనే ఉంది, ఆర్కియాలజిస్ట్ కాలిన్ రెన్‌ఫ్రూ టీమ్ 2006 నుంచి 2008 వరకు అక్కడ తవ్వితే వందల బొమ్మల ముక్కలు బయటపడ్డాయి. నడుము, మెడ, మోకాలు, పాదం, దాదాపు అన్నీ విరిగినవే. సరే పజిల్‌లాగా అతికిద్దాం అని చూస్తే దాదాపు ఏవీ ఒకదానికొకటి అతకవు! పగలగొట్టినప్పుడు రాలే చిన్న పెచ్చులు కూడా ఆ మట్టిలో లేవు, అంటే పగలగొట్టింది అక్కడ కాదు, వేరే దీవుల్లో. ఒక్కో బొమ్మలో ఒక ముక్క మాత్రం పడవలో వేసుకుని ఇక్కడికి తెచ్చి పెట్టారు, అదీ ఏ ఒక్కరోజో కాదు, తరాల పాటు. తొడ ఇక్కడ ఉంది, దాని తల ఏ దీవిలో వదిలేశారో ఇంతవరకు దొరకలేదు.