జొన్నపిండికి మరిగే నీళ్లు ఎందుకు?

గోధుమపిండి కలపడం అలవాటైనవారు మొదటిసారి జొన్నపిండి చేతికి తీసుకున్నప్పుడు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. చన్నీళ్లు పోసి, చపాతీ ముద్దలాగే పిసికి, పీటమీద కర్రతో ఒత్తబోతారు. అంచులు నెర్రెలిచ్చి, పెనం మీదికి చేరేలోపే రొట్టె ముక్కలవుతుంది. నేనూ అలా ఒక పూట పిండిని పాడుచేసుకున్న తరువాతే అసలు పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకున్నాను. తెలంగాణ పల్లెల్లోనూ, కర్నూలు ప్రాంతంలోనూ రోజూ రొట్టెలు చేసేవారు ముందుగా నీళ్లు మరగనిచ్చి, వాటిని పిండిలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక అరచేతి మడమతో బాగా మర్దించి, కర్ర జోలికి పోకుండా వేళ్లతో తట్టి గుండ్రంగా సాగదీస్తారు. ఒక ముద్దకు ఒక రొట్టె చొప్పున, ముద్ద చల్లారకముందే ఆ పని ముగించేస్తారు.

ఈ తేడాకు మూలం పిండిలోని జిగురులో ఉంది. గోధుమలో గ్లయడిన్, గ్లుటెనిన్ అనే రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలి, చేతి ఒత్తిడి పడగానే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లుటెన్ అనే వలగా మారతాయి. చపాతీ సాగేదీ, పుల్కా పొంగేదీ, బ్రెడ్డు గాలిని పట్టుకుని నిలిచేదీ ఆ వల వల్లనే. జొన్నలో ప్రొటీను లేక కాదు; దాని ముఖ్య ప్రొటీను కాఫిరిన్‌కు నీటితో అంతగా పొత్తు కుదరదు, అందువల్ల ఎంత పిసికినా వల ఏర్పడదు. అప్పుడు పిండిని కలిపి ఉంచే పనిని మరొకరు తలకెత్తుకోవాలి, ఆ మరొకరే గంజి. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర జొన్నపిండిలోని పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, కొన్ని పగిలి, చిక్కటి బంకగా మారతాయి. మరిగే నీళ్లు పోసినప్పుడు పిండి అంతా ఉడకదు, కొంత భాగమే ఉడుకుతుంది. ఉడికిన ఆ భాగమే ఉడకని మిగతా పిండిని అతికించి పట్టుకుంటుంది. గోడకు అతికించే కాగితానికి మైదా ఉడికించి బంక చేసుకోవడంలో ఉన్న సూత్రమే ఇక్కడా ఉంది. బియ్యప్పిండిని ఉక్కించి చేసే వంటలన్నింటికీ ఆధారం ఇదే.

కనుక గోధుమ వంటల పుస్తకం తెరిచి, గోధుమ అన్న చోటల్లా మరో ధాన్యం పేరు రాసుకుంటే వంట కుదరదు. ఏ గింజ చేతికి వచ్చినా, దాని జిగురు ఎక్కడి నుంచి వస్తుంది, దాని పై పొర ఏ స్థితిలో ఉంది అన్న రెండు సంగతులు తెలిస్తే మిగిలిన పని చాలావరకు దానంతటదే తోస్తుంది.

పొర సంగతికి మన ప్రాంతపు చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. వడ్లను దంచితే బరువులో దాదాపు అయిదో వంతు ఊకగా పోతుంది; ఆ లోపల గింజను కప్పి ఉండే తవుడు మరో 8 నుంచి 10 శాతం. నూనె, పీచు, బి విటమిన్లలో అధికభాగం ఆ పలుచని తవుడులోనూ, గింజ మొనన ఉండే మొలకభాగంలోనూ ఉంటాయి. మరలు వచ్చి బియ్యాన్ని మల్లెపూవులా తెల్లగా మార్చడం మొదలుపెట్టాక, అన్నం తప్ప వేరే ఆహారం పెద్దగా అందని పేదలలో థయమిన్ (బి1 విటమిన్) లోపం వల్ల నరాలనూ గుండెనూ దెబ్బతీసే బెరిబెరి వ్యాధి వ్యాపించింది. జావా ద్వీపంలో పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు ఇలాంటి జబ్బే రావడాన్ని 1890ల్లో గమనించిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ వ్యాధికి పేరుపడిన ప్రాంతం అప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తాంధ్ర. అక్కడివారు తినేది పచ్చిబియ్యం. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆ తరువాత మరకు వేసే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ బెడద తక్కువగా ఉండేది. ఉడికించేటప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి ఇంకిపోవడం వల్ల, పైపొర పోయినా అది మిగిలేది. ఆ వ్యాధిని పరిశోధించడానికి 1918లో బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెకారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ప్రారంభించిన చిన్న విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసిన సంస్థ అయింది. దంపుడు బియ్యం గురించి కొత్తగా విన్నట్టు మాట్లాడుకునే మనకు ఈ సంగతి గుర్తుండటం మంచిది.

అయితే పొరను ఉంచుకోవడానికి కొంత వెల చెల్లించాలి. మొదటిది సమయం. పీచుతో, మైనపు గుణంతో ఉండే తవుడు నీటిని తొందరగా లోపలికి పోనివ్వదు. అందుకే దంపుడు బియ్యాన్ని కనీసం గంటసేపు నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి, సన్నని సెగమీద వండాలి. విడి జొన్నలను అన్నంలా వండుకోదలిస్తే రాత్రంతా నానబెట్టక తప్పదు. తొందర ఉన్నవారు గింజను రవ్వగా విరిపించి వండుకుంటారు. తెలంగాణ గట్క అదే. పొర విరిగినందున నీరు నేరుగా లోపలికి చేరుతుంది. రెండవది నిల్వ. తవుడులో, మొలకలో ఉండే నూనెను ముక్కలు చేసే ఎంజైములు కూడా ఆ పక్కనే ఉంటాయి. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం రెండూ విడివిడిగా ఉంటాయి, పిండి పట్టించిన క్షణం నుంచి కలుస్తాయి. సజ్జల్లో నూనె ఎక్కువ కనుక సజ్జపిండి కొద్దిరోజుల్లోనే చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. ఎక్కువ పిండి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. గింజలను పట్టించే ముందు కాస్త వేయించినా ఎంజైముల జోరు తగ్గుతుంది. దుకాణంలో నెలల తరబడి చెడకుండా నిలిచే ముతకధాన్యపు పిండిని చూస్తే నాకు ముందుగా వచ్చే సందేహం, అందులో మొలకభాగం అసలు ఉందా అన్నదే.

మూడవ వెల కంటికి కనపడదు. పొరలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుము, జింకు, కాల్షియం వంటి ఖనిజాలను పట్టుకుని, పేగుల్లో పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పట్టికలు చెబుతాయి, బియ్యంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు. ఆ లెక్కంతా ఒంటికి చేరుతుందని మాత్రం అనుకోకూడదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం అనే మూడు పాత పనులూ గింజలోనే ఉన్న ఫైటేజ్ అనే ఎంజైమును మేలుకొలిపో, సూక్ష్మజీవుల చేత పని చేయించో ఫైటేట్‌ను తగ్గిస్తాయి. రాత్రి కలిపి పొద్దున తాగే అంబలిలో పులుపు రుచికోసమే వచ్చిందని అనుకునేవాళ్లం.

రాగుల దగ్గర కాసేపు ఆగాలి. ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అని పిలిచే ఈ గింజ ఆవగింజకు అటూఇటూగా ఉంటుంది. దాని పొర లోపలి పిండికి ఎంత గట్టిగా అతుక్కుని ఉంటుందంటే, బియ్యాన్ని తెల్లబరిచినట్టు దాన్ని సులువుగా తెల్లబరచలేము. ఆ మొండితనమే మనకు మేలు చేసింది. ఇంట్లో గింజలు పట్టించుకున్న రాగిపిండి పొరతో కూడిన పిండే అవుతుంది. పసిపిల్లలకు పెట్టే రాగి మాల్టులో మరో తెలివి ఉంది. నానిన రాగులను గుడ్డలో మూటగట్టి ఒకటి రెండు రోజులు మొలకలు రానిచ్చి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి చేస్తారు. మొలక వచ్చేటప్పుడు గింజ తన నిల్వను కరిగించుకోవడానికి అమైలేజ్ ఎంజైమును తయారుచేసుకుంటుంది. జావ కాచేటప్పుడు ఆ ఎంజైము పొడవాటి పిండిపదార్థపు గొలుసులను తెంచేస్తుంది. ఫలితంగా జావ పలుచగా ఉంటుంది. మామూలు పిండితో గరిట నిలబడేంత చిక్కబడే పాళ్లతోనే, మొలకల పిండి జావ చిన్న గొంతుకలోకి సులువుగా దిగుతుంది. అంటే అదే గిన్నెలో బిడ్డకు ఎక్కువ ఆహారం అందుతుంది. వేపుడు ఎక్కువైతే ఎంజైము చచ్చిపోయి, జావ మళ్లీ గట్టిపడుతుంది.

రాయలసీమ సంగటి దీనికి పూర్తిగా ఎదురు దారి. అక్కడ కావలసింది గట్టిదనమే. బియ్యం మెత్తగా ఉడికి, నీళ్లు ఇంకా కొంత మిగిలి ఉండగానే రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నని సెగమీద మగ్గనిస్తారు. పిండి పోసిన వెంటనే తెడ్డు తిప్పితే ప్రతి పిండిముద్ద పైభాగం ఉడికి బంకలా మూసుకుపోతుంది, లోపల పొడిపిండి అలాగే చిక్కుకుపోతుంది. మనం ఉండకట్టింది అంటామే, అది ఇదే. కుప్పగా వదిలేస్తే నీరూ ఆవిరీ కింది నుంచి మెల్లగా ఎక్కి, కుప్పంతా సమానంగా వేడెక్కాక, ఒక్కసారిగా తెడ్డుతో గెలికినప్పుడు ముద్ద నున్నగా వస్తుంది.

కొర్రలు, సామలు, అరికలు, ఊదలు వంటి చిరుధాన్యాలకు, 2023ను వాటి అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక గిరాకీ పెరిగింది, దానితోపాటు పాలిష్ కూడా పెరిగింది. వీటిపై ఉండే పొట్టును తీయక తప్పదు, అది తినడానికి పనికిరాదు. కానీ మర ఇంకాస్త తిరిగితే తవుడు కూడా పోతుంది, అప్పుడు మిగిలేది తెల్లబియ్యానికి తోబుట్టువే. మెరిసే లేత రంగు గింజలకన్నా, కాస్త మసకగా, వేలికి గరుగ్గా తగిలే గింజలను ఎంచుకోవడం మేలు. రక్తంలో చక్కెర విషయంలోనూ పేరుకన్నా రూపం ముఖ్యం: మెత్తగా దంచిన పిండిని పలుచగా కాచిన జావ, అదే గింజను విడిగా వండిన అన్నంకన్నా త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగా పెంచుతుంది. ఒకే ధాన్యాన్ని పట్టుకుని కూర్చోవడంలోని ముప్పు కూడా హైదరాబాదు శాస్త్రజ్ఞులకు తెలిసినదే. జొన్న తప్ప మరేమీ పెద్దగా తినలేని దక్కను పేదల్లో నయాసిన్ అనే బి విటమిన్ లోపంతో చర్మం పాడయ్యే పెల్లాగ్రా వ్యాధి ఎందుకు కనిపిస్తోందన్న ప్రశ్నకు, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో సి. గోపాలన్, ఆయన సహచరుడు ప్రతిపాదించారు. ఆ వివరణపై తరువాత వాదోపవాదాలు నడిచాయి గానీ, రొట్టె పక్కన పప్పూ ఆకుకూరా ఉండాలన్న మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇక ధాన్యమే వద్దనుకునేవారి సంగతి. ఇక్కడ ‘ధాన్యం లేనిది’, ‘గ్లుటెన్ లేనిది’ అనే రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి. గ్లుటెన్ గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉంటుంది. జొన్న, రాగి, వరి ధాన్యాలే అయినా వాటిలో గ్లుటెన్ లేదు. గ్లుటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారు మానవలసింది గ్లుటెన్‌ను, అంటే మైదా, బొంబాయి రవ్వ, సేమ్యాలను. ఈ జాబితాలో ఎవరికీ తట్టనిది ఇంగువ. డబ్బాల్లో అమ్మే ఇంగువపొడిలో తరచుగా గోధుమపిండి కలుపుతారు. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే అలాంటి రోగికి ఆ పిండి పనికిరాదన్నది కూడా మరచిపోకూడదు.

నిజంగా ధాన్యం లేని వంట కావాలంటే తెలుగువారు దూరం పోనక్కరలేదు. పెసరట్టు ఉంది. పెసలలో ప్రొటీను 22 నుంచి 24 శాతం ఉంటుంది. నానబెట్టి రుబ్బిన పిండి పెనం మీద పడగానే ఆ ప్రొటీను వేడికి గట్టిపడి, పప్పులోని పిండిపదార్థం ఉబ్బి, రెండూ కలిసి అట్టును పట్టి ఉంచుతాయి. పులియబెట్టే పని కూడా లేదు. కరకరకోసం చాలామంది గుప్పెడు బియ్యం కలుపుతారు, ధాన్యం వద్దన్నవారు ఆ గుప్పెడు మానేసి పిండిని కాస్త చిక్కగా రుబ్బుకుంటే చాలు. మినపప్పుది మరింత గొప్ప గుణం. రుబ్బినకొద్దీ అది నురగ కట్టడానికి కారణం దానిలోని ప్రొటీన్లూ, అరబినోగెలాక్టాన్ అనే జిగటపదార్థమూ. ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా పులిసేటప్పుడు విడుదల చేసే వాయువును ఆ జిగటే బంధిస్తుంది. గోధుమలో గ్లుటెన్ చేసే పని ఇడ్లీలో మినపప్పు చేస్తుందన్నమాట. అందుకే ఇడ్లీరవ్వ బదులు జొన్నరవ్వో కొర్రరవ్వో వేసినా ఇడ్లీ పొంగుతుంది, మినపప్పు తగ్గిస్తే మాత్రం రాయిలా అవుతుంది.

ధాన్యం కాదు కనుక మంచిదే అనుకోవడం మరో పొరపాటు. ఉపవాసాల్లో వండే సగ్గుబియ్యం మన దేశంలో కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిపదార్థంతో తయారవుతుంది. పీచూ ప్రొటీనూ దాదాపు లేని ఆ గింజలు చక్కెర విషయంలో తెల్లన్నంకన్నా ఏమాత్రం మెరుగు కావు. తోటకూర గింజలు అలా కాదు. వృక్షశాస్త్రం ప్రకారం గడ్డిజాతి ధాన్యం కాకపోయినా, పొరతో, మొలకతో మొత్తంగా తింటాం.

మళ్లీ జొన్నరొట్టె దగ్గరికి వద్దాం. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా మడతపడిన రొట్టె చల్లారాక గట్టిపడి పెళుసవుతుంది. ఉబ్బి విడిపోయిన పిండిపదార్థపు గొలుసులు చల్లబడుతూ తిరిగి దగ్గరికి జరిగి, నీటిని బయటికి నెట్టి, వరుసలు కట్టడమే ఇందుకు కారణం. అలా వరుసలు కట్టిన పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగులో జీర్ణం కాక, పెద్దపేగులోని బాక్టీరియాకు ఆహారమవుతుంది. చద్దన్నంలో జరిగేదీ అదే. ఉత్తర కర్ణాటకలో రొట్టెను పలుచగా తట్టి, పూర్తిగా తడి ఆరేలా కాల్చి, అప్పడంలా రోజుల తరబడి నిల్వచేస్తారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసే మలీదకు సజ్జరొట్టెలనో గోధుమరొట్టెలనో చేతితో నలిపి బెల్లం కలుపుతారు, ఆ నలపడానికి సజ్జరొట్టె ఎంత పెళుసుగా ఉంటే అంత సుఖం.