అద్దం కోసిందా? అయితే అది వజ్రమని కాదు

తొలకరి పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతుంటారు. మెరిసే రాయి దొరగ్గానే అద్దం మీద గీస్తారు. గీత పడితే ఇక వజ్రమే అంటారు.

రాళ్లలో ఖనిజాలు చూడటమే నా పని కాబట్టి గట్టిగా చెబుతున్నా. పలుగురాయి (క్వార్ట్జ్) కూడా అద్దాన్ని కోస్తుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద గాజు కాఠిన్యం సుమారు 5.5, పలుగురాయిది 7, వజ్రానిది 10. గీత పడిందంటే ఆ రాయి గాజు కన్నా గట్టిది, అంతే.

ఒకసారి ఒక పెద్దామె కొంగుముడి విప్పి రాయి చూపించింది. గీతలు పడ్డ అద్దం ముక్క కూడా తెచ్చింది. దాన్ని నమ్ముకుని కొడుకు వడ్డీకి అప్పు తెచ్చాడట. నేను బయట కంకరలోంచి పలుగురాయి ముక్క ఏరుకొచ్చి, "అమ్మా, దీంతో గీయండి" అన్నాను. అలాంటి గీతే పడింది. చాలాసేపు ఆ రెండు గీతల వంకే చూసింది. వెళ్తూ నా పలుగురాయి ముక్కను కూడా కొంగున ముడేసుకుంది, ఊళ్లో వాళ్లకు చూపిస్తానని. ఇలాంటి పుకార్లతో వీడియోలు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె రాయికి ఆరు పలకలు, వాటి మీద సన్నని అడ్డగీతలు ఉన్నాయి. అది పలుగురాయి. వజ్రం చాలాసార్లు ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అంటించినట్టు ఉంటుంది. లెన్సులో చూస్తే ఆ ముఖాల మీద చిన్న త్రికోణపు గుంటలు కనిపించవచ్చు. రాయి అరిగిపోయి ఆకారం తెలియకపోతే సాంద్రత చూడాలి. ముందు గాలిలో తూచి, తర్వాత దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూచండి. గాలిలో బరువును తగ్గిన బరువుతో భాగిస్తే వజ్రానికి 3.5, పలుగురాయికి 2.65 వస్తుంది.

దయచేసి సుత్తితో మాత్రం కొట్టకండి. కాఠిన్యమంటే గీతకు లొంగకపోవడం, దెబ్బకు ఆగడం కాదు. వజ్రం నాలుగు దిశల్లో నున్నగా చీలుతుంది. చేతికొచ్చిన నిజం వజ్రాన్నే పగలగొట్టుకుంటారు.

ఇంకా చాలా అడుగుతుంటారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. అసలు ఆ రాయి గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే రాయి. వజ్రాలను భూమి లోతుల నుంచి పైకి తెచ్చే కింబర్‌లైట్ రాయి ఉన్నంత మాత్రాన వజ్రాలుంటాయనీ లేదు. విశాఖ కొండల్లోని ఖోండలైట్ రాయిలో గార్నెట్ అనే ఎర్ర ఖనిజం చూసి వజ్రాలుంటాయని ఆశపడొద్దు. అందులో ఇనుము ఎక్కువ. వజ్రాల జాడ కోసం మేం వెతికేది మెగ్నీషియం, క్రోమియం ఉన్న పైరోప్ అనే గార్నెట్ రకాన్ని. ఆ తేడా రంగును బట్టి తేలదు, ల్యాబ్‌లో రసాయన విశ్లేషణ చేయాల్సిందే.