ఒకే మీటరు మీద రెండు స్కేళ్లు: అబ్సార్బెన్స్ వెనక కథ

పాత కలరీమీటర్ (రంగు ద్రావణం గుండా ఎంత కాంతి వచ్చిందో కొలిచే పరికరం) మీద రీడింగ్ తీసిన కెమిస్ట్రీ విద్యార్థులకు ఈ సందేహం వచ్చే ఉంటుంది. ముల్లు తిరిగే ఆ మీటరు మీద రెండు స్కేళ్లు ఉంటాయి. ఒకటి పర్సెంట్ ట్రాన్స్‌మిటెన్స్, అంటే పంపిన కాంతిలో ఎంత శాతం బయటికొచ్చిందన్నది. 0 నుంచి 100 దాకా గీతలన్నీ సమాన దూరంలో ఉంటాయి. రెండోది అబ్సార్బెన్స్, అంటే ద్రావణం కాంతిని ఎంత మింగిందో చెప్పే అంకె; ల్యాబుల్లో ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) అనేది. అది కుడి చివర 0తో మొదలై, ఎడమకు పోయేకొద్దీ గీతలు ఇరుక్కుపోయి, చివరికి అనంతం గుర్తు దగ్గర ఆగుతుంది. చదవడానికి హాయిగా ఉన్న స్కేలు వదిలేసి ఈ ఇరుకు స్కేలే ఎందుకు చూడాలి?

దీని మూలం 1729లో ఉంది. ఫ్రాన్స్‌లో నౌకాయాన శాస్త్రం బోధించే పియర్ బూగే ఆ ఏడు కాంతి తగ్గుదల మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. నక్షత్రాల వెలుగు మన గాలిపొరను దాటి వచ్చేసరికి ఎంత తగ్గుతుందన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. కొలవడానికి ఉన్న సాధనం కన్ను ఒక్కటే. ఒక వెలుగు మరోదానికి ఎన్ని రెట్లో కన్ను చెప్పలేదు. రెండిటినీ పక్కపక్కన పెడితే సమానమో కాదో మాత్రం బాగానే చెబుతుంది. బూగే ఆ ఒక్క బలం మీదే ఆధారపడ్డాడు. కొవ్వొత్తిని మధ్యవర్తిగా పెట్టుకుని, సూర్యుడి వెలుగు నిండు చంద్రుడి వెలుగుకు సుమారు 3 లక్షల రెట్లని లెక్క తేల్చాడు.

ఆయన పట్టుకున్న అసలు విషయం ఇది: ఒకే మందం ఉన్న ప్రతి పొరా తన దాకా వచ్చిన కాంతిలో ఒకే వంతు మింగుతుంది. మొదటి పొర సగం మింగితే 50 శాతం మిగులుతుంది. రెండో పొర తర్వాత మిగిలేది సున్నా కాదు, 25 శాతం. మూడోదాని తర్వాత 12.5. ట్రాన్స్‌మిటెన్స్ ఇలా వంతులవారీగా పడిపోతుంది కాబట్టి, పొరలెన్ని ఉన్నాయో దాన్నిబట్టి నేరుగా చెప్పలేం. అదే లాగరిథమ్‌లోకి మారిస్తే 0.3, 0.6, 0.9 అని వరుసగా పెరుగుతుంది. ఆ అంకెలే అబ్సార్బెన్స్. పరికరం నిజంగా చూసేది ఎంత కాంతి బయటికొచ్చిందన్నదే. మనకు కావలసింది లోపల సరుకు ఎంతుందన్నది. అందుకే రెండు స్కేళ్లు.

1760లో గణితవేత్త లాంబర్ట్ దీనికి పక్కా గణితరూపం ఇచ్చాడు, బూగేను ప్రస్తావించాడు కూడా. అయినా మన టెక్స్ట్‌బుక్కుల్లో మిగిలింది బీర్–లాంబర్ట్ నియమమే. బూగేకు ఇది అన్యాయమేనని నాకనిపిస్తుంది. 1852లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ బీర్ రంగు ద్రావణాల గుండా ఎర్ర కాంతి పంపి గాఢతను ఈ లెక్కలోకి తెచ్చాడు. గాఢతను కాంతి నడిచే దూరంతో గుణిస్తే వచ్చే విలువ మారనంత వరకు, బయటికొచ్చే కాంతీ మారదు. పొర మందం గురించిన మాట, గాఢత గురించిన మాట రెండూ కలిసి ఒకే సమీకరణంగా రావడానికి 1913 దాకా పట్టింది.

దుబోస్క్ కలరీమీటర్ ఈ సూత్రం మీదే నడిచేది. రెండు గిన్నెలు, ఒకదాంట్లో తెలిసిన ద్రావణం, ఇంకోదాంట్లో తెలియనిది. గాజు కడ్డీలను పైకీ కిందికీ జరిపి, కన్ను పెట్టి చూసే కటకంలో రెండు సగాలూ ఒకే రంగులో కనబడేలా చేయాలి. అప్పుడు లోతుల నిష్పత్తి నుంచి గాఢత వస్తుంది. ఇక్కడా పని చేసేది కన్నే.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు ఈ దశలోనే వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌ (మాలిబ్డినం లోహపు లవణం)తో కలిపి, దాన్ని క్షయకరణం (రిడక్షన్) చేస్తే ముదురు నీలం వస్తుంది. అంతకుముందు బెల్, డాయిజీల పద్ధతిలోనూ నీలమే వచ్చేది కానీ త్వరగా వెలిసిపోయేది. కంటితో సరిపోల్చే పనిలో అది పెద్ద టెన్షన్. ఫిస్క్, సుబ్బారావుల రంగు నిలబడింది.

కండరాల సారంతో చేసినప్పుడు మాత్రం ఆ నీలం ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. దాన్ని ప్రయోగం చెడిందని పారబోయకుండా వెంటబడితే, తేలిగ్గా విడిపోయే ఒక ఫాస్ఫేట్ సమ్మేళనం దొరికింది. అదే 1927లో వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో, కణాలకు శక్తినందించే ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు.

కన్ను స్థానంలోకి యంత్రం రావడంలో పెద్ద మలుపు 1941లో వచ్చిన బెక్‌మన్ డీయూ స్పెక్ట్రోఫోటోమీటర్ (కాంతిని రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో ఎంత మింగిందో కొలిచే యంత్రం). ఆమ్లత్వం కొలిచే పీహెచ్ మీటరు కోసం ఆర్నాల్డ్ బెక్‌మన్ చేసిన యాంప్లిఫయరే ఇందులో ఫోటోట్యూబు (కాంతిని కరెంటుగా మార్చే గొట్టం) కరెంటును పెంచింది. గాజు అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి క్వార్ట్జ్ పట్టకం పెట్టారు. ధర 723 డాలర్లు. చేపనూనెలో విటమిన్ ఏ ఎంతుందో తెలియాలంటే అప్పటిదాకా ఎలుకలకు తినిపించి వారాల తరబడి చూడాల్సి వచ్చేది. ఇక నిమిషాల పని అయింది. 1976లో ఆపేసేలోగా 30 వేలకు పైగా డీయూలు అమ్ముడుపోయాయి.

యంత్రం వచ్చినా ఆ ఇరుకు స్కేలు కష్టం పోలేదు. అబ్సార్బెన్స్ 3 అంటే వెయ్యిలో ఒక్క వంతు కాంతి బయటికి రావడం. పరికరంలో దారితప్పి మీటరు దాకా వచ్చిన కాంతి ఇంకో వెయ్యో వంతు చేరితే మీటరు 2.7 చూపిస్తుంది. డిజిటల్ తెరలో అంకె ఎంత స్పష్టంగా కనబడినా సంగతి ఇంతే. అబ్సార్బెన్స్ 2 దాటితే ద్రావణాన్ని పలుచన చేసి మళ్లీ చదవమనేది ఇందుకే.

రక్తంలో ఫాస్ఫరస్ చూసే ఇప్పటి ఆటోమేటిక్ అనలైజర్లు చాలావాటిలో నీలంగా మార్చే మెట్టే తీసేశారు. ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసి ఏర్పడే సమ్మేళనాన్నే 340 నానోమీటర్ల దగ్గర నేరుగా చదివేస్తాయి. అక్కడి కాంతి మనిషి కంటికి కనబడదు, యంత్రానికి కనబడితే చాలు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మాత్రం ఫిస్క్–సుబ్బారావు నీలాన్ని 660 నానోమీటర్ల దగ్గర ఇంకా చదువుతూనే ఉన్నారు.