లోపలి టైరులో గాలి ఎంత?

పెద్ద బస్సు టైరు పక్క గోడ మీద 295/80 ఆర్ 22.5 అనే సైజు దగ్గరే 152/148 అని చిన్నగా అచ్చు వేసి ఉంటుంది. ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తులివి. 152 అంటే ఒంటరిగా ఉన్నప్పుడు 3,550 కిలోలు. 148 అంటే వెనక చక్రాల్లోలా రెండు టైర్లు పక్కపక్కనే, ఒకటి లోపల ఒకటి బయట, జోడుగా బిగించినప్పుడు ఒక్కోదానికి 3,150 కిలోలు. రబ్బరు అదే, తీగలూ అవే. పక్కన ఇంకో టైరు చేరేసరికి మోసే బరువులో 400 కిలోలు కోసేశారు. జోడు టైర్లు బరువును ఎప్పుడూ సరిసమానంగా పంచుకోవని తయారుచేసినవాళ్లకు బాగా తెలుసు.

నడుమ ఉబ్బెత్తుగా ఉండే రోడ్డు మీద లోపలి టైర్లకు భారం ఎక్కువ పడుతుంది. లోడు కింద యాక్సిల్ (రెండు వైపుల చక్రాలను కలిపే ఇరుసు) కాస్త వంగినా జరిగేది అదే. వీటిని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నది గాలి ఒక్కటే. మన దగ్గర ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే, అందులోనూ లోపలి టైరు గాలి.

ఒక లెక్క వేద్దాం. 2018లో కేంద్రం సవరించిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల వెనక యాక్సిల్ మీద 11.5 టన్నుల దాకా బరువు ఉండొచ్చు. అంటే ఒక్కో వైపు జోడు మీద 5,750 కిలోలు. రెండు టైర్లలోనూ 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) గాలి ఉంటే తలా 2,875 కిలోలు మోస్తాయి, ఇబ్బంది లేదు. లోపలిదాంట్లో 90కి పడిపోయిందనుకోండి. రెండూ ఒకే హబ్‌కు, అంటే చక్రం నడిమి భాగానికి, బిగించి ఉన్నాయి కాబట్టి యాక్సిల్ ఎంత కిందికి దిగితే రెండూ అంతే అణుగుతాయి. అంతే మేర అణిగినప్పుడు గాలి ఎక్కువున్న టైరు ఎక్కువ బరువుకు ఎదురు నిలుస్తుంది. దాదాపుగా చూస్తే బయటి టైరు మీదికి 3,290 కిలోలు, లోపలిదాని మీదికి 2,460 కిలోలు వస్తాయి. బయటిది తన 3,150 హద్దు దాటిపోయింది. దాని గాలి మాత్రం సరిగ్గానే ఉంది!

అసలు చిక్కు ఏమిటంటే, ఇది కంటికి కనిపించదు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి వెనకబడితే కాడి పక్కకు తిరుగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. జోడు టైర్లలో మెత్తబడ్డదాన్ని గట్టిగా ఉన్నది ఎత్తిపట్టుకుంటుంది. పై లెక్కలో రెండూ అదనంగా అణిగేది సుమారు 14 శాతం, అంటే కొన్ని మిల్లీమీటర్లు. వంగి చూసినా పట్టుకోలేం. ముందు చక్రంలో గాలి తగ్గితే స్టీరింగ్ ఒకవైపు లాగుతుంది. వెనక జోడులో ఆ హెచ్చరిక కూడా ఉండదు.

లారీ ఆపగానే క్లీనర్ రాడ్డుతో టైర్లన్నీ కొట్టుకుంటూ వస్తాడు. మంచి అలవాటే, మానమని చెప్పను. గాలి పూర్తిగా పోయిన టైరు ఆ దెబ్బకు చచ్చు శబ్దం చేస్తుంది, వెంటనే తెలుస్తుంది. కానీ 120కీ 90కీ ఉన్న తేడాను చెవి నమ్మకంగా పట్టలేదు. దానికి గేజ్ కావాల్సిందే.

గాలి తగ్గిన టైరు పాడయ్యేది వేడితోనే. ఈ సైజు టైరు కిలోమీటరుకు మూడొందల చుట్లకు పైగా తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటలో 18 వేల చుట్లు దాటుతాయి. ప్రతి చుట్టులోనూ పక్క గోడ ఒకసారి వంగి లేస్తుంది, వంగినప్పుడల్లా కొంత శక్తి రబ్బరులోనే వేడిగా మిగిలిపోతుంది. గాలి తక్కువైతే వంపు పెరుగుతుంది, వంపుతో పాటు వేడీ పెరుగుతుంది. రబ్బరుకు వేడిని త్వరగా బయటికి వదిలే గుణం లేదు. లోపలి టైరుకు గాలి సరిగా తగలదు, పక్కనే బ్రేక్ డ్రమ్ము కాలుతూ ఉంటుంది. ఇంకా మెత్తబడితే రెండు టైర్ల పక్క గోడలూ ఒకదానికొకటి రాసుకుంటాయి. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాగుతున్నప్పుడు ఆ రాపిడి మంటగా మారడం పెద్ద వింత కాదు.

వేడి ఇంకో పొరపాటు కూడా చేయిస్తుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 120 పెట్టిన టైరు, లోపలి గాలి 60 డిగ్రీలకు చేరేసరికి 133 చూపిస్తుంది. వాయు సూత్రం ప్రకారం అంత పెరగాల్సిందే. దారిలో అది చూసి టెన్షన్ పడి, ఎక్కువైందని 120కి దించేస్తే, రాత్రి చల్లారాక మిగిలేది 108. అందుకే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, బయల్దేరే ముందు చూసిందే అసలు కొలత. వేడి టైరులోంచి గాలి తీయకూడదు.

ఇంత తెలిసినా లోపలివి ఎందుకు చూడరు? చెయ్యి దూరడం కష్టం కాబట్టి. లోపలి టైరు వాల్వ్‌ను బయటి రిమ్ము కంతలోంచి అందుకోవాలి. దుమ్ము, గ్రీజు, వేడి రిమ్ము. పంక్చర్ షాపులో "లోపలివి బానే ఉంటాయిలే అన్నా" అనే మాట అక్కడే పుడుతుంది. బిగించేటప్పుడే రెండు వాల్వులూ ఎదురెదురు దిక్కుల్లో, ఒక్కోటి ఒక్కో కంతకు సరిపడేలా పెట్టిస్తే సగం కష్టం తీరుతుంది. లోపలి వాల్వ్‌కు పొడిగింపు గొట్టం, కంతలోంచి దూర్చడానికి ముందుకొకటి వెనక్కొకటి మూతులున్న పొడుగు గేజ్ ఉంటే మిగతా సగమూ తీరినట్టే. వాల్వ్ క్యాపులు పారేయకండి. వాల్వ్ లోపలి పిన్నులో ఇసుక రేణువు ఇరుక్కుంటే గాలి మెల్లగా పోతూనే ఉంటుంది.

రెండు టైర్లనూ గొట్టంతో కలిపి, గాలి సమంగా ఉంచే పరికరాలూ వచ్చాయి. మంచివే, కానీ టైర్ల సైజు తేడాను అవి సరిచేయలేవు. కొత్త టైరు పక్కన 3 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగిన టైరు బిగిస్తే చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రెండూ కలిసే తిరగాలి కాబట్టి కిలోమీటరుకు ఐదు మీటర్లకు పైగా తేడాను రోడ్డు మీద ఈడ్చుకుంటూనే సర్దుకోవాలి. గాలి ఎంత సరిగా ఉన్నా ఆ జోడు త్వరగా అరిగిపోతుంది.

చివరిగా ప్రాణాలకు సంబంధించిన విషయం. ఉండాల్సిన గాలిలో 80 శాతం, లేదా అంతకన్నా తక్కువతో నడిచిన టైరును ఫ్లాట్‌గా, అంటే గాలి లేకుండా, నడిచినట్టే లెక్కేస్తారు. 120కి ఆ గీత 96. మన లెక్కలోని 90 అప్పటికే దాని కింద ఉంది. అలాంటి రేడియల్ టైరులో పక్క గోడ ఉక్కు తీగలు వంగి వంగి లోపల తెగి ఉండొచ్చు, పైకి ఏమీ కనబడదు. దానికి ఉన్నచోటే మళ్లీ గాలి కొడితే పక్క గోడ ఒక్కసారిగా వరసగా చీలి పేలొచ్చు. ముందు విప్పించి లోపలా బయటా చూపించాలి. గాలి కొట్టేటప్పుడు టైరును ఇనుప బోనులో పెట్టాలి, వాల్వ్‌కు దానంతటదే పట్టుకునే క్లిప్పు ఉండాలి, కొట్టే మనిషి పొడవాటి గొట్టంతో పక్క గోడకు ఎదురు కాని చోట నిలబడాలి. లాక్ రింగ్ (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న పాత రిమ్ములకైతే ఇది మరీ ముఖ్యం, సరిగా కూర్చోని రింగు ఎగిరి వస్తే తప్పుకునే వ్యవధి ఉండదు.