ఒక ఫైబర్, 32 ఇళ్లు: వెలిగి ఆరే లేజర్ ఇంకా ఎందుకు గెలుస్తోంది?

నగరాల మధ్య నడిచే ఫైబర్ లైన్లలో ఇవాళ కాంతి తీవ్రత, ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో), పోలరైజేషన్ (అది ఏ దిశలో కంపిస్తోందో) అన్నిటిలోనూ డేటా నింపి పంపుతున్నారు. ఇంటికొచ్చే ఫైబర్‌లో మాత్రం పాత పద్ధతే: వెలుగు పెరిగితే 1, తగ్గితే 0. దీన్నే ఆన్-ఆఫ్ కీయింగ్ అంటారు. తెలివైన పద్ధతులు లేక కాదు, ఒకే లైనును చాలామంది పంచుకోవడంలోనే చిక్కంతా ఉంది.

1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ లెక్క కట్టి, గాజు పోగులో నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు దిగితే, అంటే కాంతిలో నూరో వంతైనా మిగిలితే, టెలిఫోన్ లైన్లకు పనికొస్తుందన్నారు. 1970లో కార్నింగ్ అది సాధించింది. అప్పుడు ఫైబర్ అంటే రెండు కొనల మధ్య వ్యవహారమే.

1980ల చివర్లో బ్రిటిష్ టెలికాం వంటి సంస్థలు ఒక ఫైబర్‌ను కరెంటు అవసరం లేని స్ప్లిటర్‌తో చీల్చి చాలా ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాయి. 32గా చీలిస్తే స్ప్లిటర్ ఎంత మంచిదైనా 15 డెసిబెల్స్ అక్కడే పోతాయి, అంటే ఒక్కో ఇంటికి దక్కేది 32వ వంతు కాంతే. అప్పటి నుంచీ ఏ కొత్త మాడ్యులేషన్ (కాంతిలో డేటా ఎక్కించే పద్ధతి) వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: అదనంగా ఎంత కాంతి కావాలి?

ఇళ్ల నుంచి ఎక్స్ఛేంజీకి వెళ్లే దారి ఇంకా కష్టం. అందరిదీ ఒకే తరంగదైర్ఘ్యం కాబట్టి వంతులవారీగా పంపాలి. 20 కిలోమీటర్ల దూరానికి కాంతి వెళ్లి రావడానికి దాదాపు 200 మైక్రోసెకన్లు పడుతుంది. అందుకే ఒక్కో ఇంటి దూరం ముందే కొలిచి, ఎప్పుడు పంపాలో చెబుతారు. దగ్గరి ఇంటి సిగ్నల్ బలంగా, ఆ వెంటనే దూరపు ఇంటిది నీరసంగా వస్తాయి. రిసీవర్ నానోసెకన్లలో సర్దుకోవాలి. వెలుగు ఉందా లేదా అని మాత్రమే చూసే రిసీవర్‌కే ఇది పెద్ద పని.

పోటీదారులు లేకపోలేదు. ఒక్కో వినియోగదారుడికి ఒక్కో కోడ్ ఇచ్చే ఆప్టికల్ సీడీఎంఏపై 1980ల మధ్య నుంచే పరిశోధనలు సాగాయి. మంది పెరిగేకొద్దీ కోడ్లు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. డేటాను చాలా సన్నటి ఫ్రీక్వెన్సీలకు పంచి పంపే ఓఎఫ్‌డీఎంలో రెండు ఇళ్ల లేజర్ల ఫ్రీక్వెన్సీలు దగ్గరైతే, అవి కలిసి రిసీవర్‌లో బీట్ నాయిస్ అనే రొద పుట్టేది. ఇంటికో తరంగదైర్ఘ్యం ఇద్దామంటే లేజర్ ఖర్చు అడ్డొచ్చింది. ఇలా స్ప్లిటర్‌తో పంచే ఫైబర్ నెట్‌వర్క్‌లను పాన్ అంటారు. వాటికి 2003లో జీపాన్, 2004లో ఈపాన్ ప్రమాణాలు వచ్చాయి. రెండూ సాదా ఆన్-ఆఫ్ పద్ధతినే, వంతుల పద్ధతినే పట్టుకున్నాయి. తర్వాత ఎన్జీ-పాన్2లో నాలుగు తరంగదైర్ఘ్యాలు చేర్చారు. కానీ ట్యూన్ చేసే లేజర్ల ధర దాన్ని వెనక్కి లాగింది. 2016 నాటి 10 గిగాబిట్ల ఎక్స్‌జీఎస్-పాన్ ముందుకెళ్లింది. నా దృష్టిలో ఇలా సాదా పద్ధతినే పట్టుకోవడం పిరికితనం కాదు. లక్షల ఇళ్లలో పెట్టే పెట్టె విషయంలో అంతకన్నా తెలివైన నిర్ణయం కష్టం.

దూరపు లైన్ల కథ వేరు. వచ్చిన కాంతిని తన సొంత లేజర్ కాంతితో కలిపి, ఫేజ్‌ను కూడా చదివే కొహెరెంట్ రిసీవర్లపై 1980లలో ఎంతో పని జరిగింది. నీరసమైన సిగ్నల్‌నూ అవి పట్టుకోగలవు. 1987లో ఫైబర్‌లోనే కాంతిని పెంచే ఎర్బియం యాంప్లిఫయర్ రాగానే ఆ అవసరం తగ్గిపోయింది. మళ్లీ 2000ల రెండో సగంలో వేగవంతమైన చిప్‌లు వచ్చాకే కొహెరెంట్ రిసీవర్లు నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ చిప్‌లే ఇంటి లైన్ల వైపూ వస్తున్నాయి. బిట్ రేటు పెరిగితే డిస్పర్షన్ (ఫైబర్‌లో కాంతి పల్స్ సాగి పక్కదానిపై పడటం) దెబ్బ దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 2.5 నుంచి 50 గిగాబిట్లకు వెళ్తే 400 రెట్లు. నాలుగు వెలుగు స్థాయులుండే పామ్-4 వాడితే ఒక్కో సంకేతం రెండు బిట్లు మోస్తుంది కాబట్టి సింబల్ రేటు (సెకనుకు పంపే సంకేతాల సంఖ్య) సగమవుతుంది. అయితే పక్కపక్క స్థాయుల మధ్య తేడా మూడో వంతుకు పడిపోతుంది, దాదాపు 4.8 డెసిబెల్స్ గోవిందా. డేటా సెంటర్లలో స్ప్లిటర్ ఉండదు కాబట్టి పామ్-4 అక్కడ చెల్లింది. 2021 నాటి 50జీ-పాన్ మాత్రం రెండు స్థాయులతోనే ఉండి, మసకబారిన సిగ్నల్‌ను రిసీవర్‌లోని డిజిటల్ ప్రాసెసింగ్‌తో సరిచేసుకుంటుంది.

100 గిగాబిట్లు, ఆపైన కొహెరెంట్‌పై గట్టి ప్రయత్నాలే జరుగుతున్నాయి. దాని సున్నితత్వం వల్ల స్ప్లిటర్ నష్టం పెద్ద సమస్య కాకుండా పోతుంది. కానీ ప్రతి ఇంటి లేజర్ ఫ్రీక్వెన్సీనీ, పోలరైజేషన్‌నూ దాని వంతు మొదలైన క్షణంలోనే పట్టుకోవాలి. మంచి లేజర్ అయితే ఇది తేలికవుతుంది, చవక లేజర్ అయితే కాదు. ప్రస్తుతం పరిశోధకులు ఆ పేచీ దగ్గరే ఉన్నారు.