గుర్రాలు తక్కువైనా లాగుడు ఎక్కువే

రైళ్లను లాగే డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుది 2,600 అశ్వశక్తి. యార్డులో వ్యాగన్లను సర్దే డబ్ల్యూడీఎస్-6ది 1,350 మాత్రమే. నిండు బొగ్గు వ్యాగన్లను కదిలించే మొరటు పని ఈ బక్కదానికి ఎందుకు అప్పగిస్తారని కావలి పాఠకుడు ఒకరు అడిగారు. బక్కది అనే ముందు తూకం వేద్దాం: మొదటిది సుమారు 113 టన్నులు, రెండోది 126!

అశ్వశక్తి అంటే బలం కాదు, బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది. బడిలో సూత్రం బట్టీ పట్టిస్తారే గానీ ఈ తేడా ఎవరూ చెప్పరు.

ప్రకాశం జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒంగోలు ఎద్దుకు కండ ఎంత ఉన్నా గిట్ట నేలను పట్టాలి. పట్టు రావాలంటే ఒంట్లో బరువుండాలి, కాలి కింద నేల పొడిగా ఉండాలి. నేల తడిసిందా, కండ ఉన్న జత కూడా జారి చతికిలపడుతుంది.

ఇంజను గిట్టలు దాని చక్రాలే. ఉక్కు మీద ఉక్కు కాబట్టి పొడి పట్టాల మీద మహా అయితే బరువులో 0.3 వంతు పట్టు దొరుకుతుంది. 126 టన్నులకు అది 37.8 టన్నుల లాగుడు. ఇప్పుడు గంటకు 10 కిలోమీటర్ల వేగం తీసుకోండి. నష్టాలు అయిదో వంతు పోగా 1,350 అశ్వశక్తి దాదాపు 30 టన్నుల లాగుడు ఇస్తుంది, అంటే పట్టు అంచుకు చేరువగా. అదే వేగంలో 2,600 అశ్వశక్తి 57 టన్నులు ఇవ్వగలదు, కానీ 113 టన్నుల ఒంటికి దొరికే పట్టు 34 టన్నులే. మిగతాదంతా చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడానికే! అందుకే షంటింగ్ (వ్యాగన్లను సర్దే) ఇంజనులో సిలిండర్లు ఆరే అయినా బరువు తగ్గనివ్వలేదు. గేర్లు కూడా నిదానానికే: మోటారు వైపు 18 పళ్లు, ఇరుసు వైపు 74, అంటే మోటారు నాలుగు చుట్లు తిరిగితే చక్రం తిరిగేది దాదాపు ఒక్కటే.

కృష్ణపట్నం రేవులాంటి చోట సముద్రపు తేమ, బొగ్గు పొడి కలిస్తే పట్టాల మీద జారుడు పూత తయారవుతుంది. విరుగుడు ఇసుక. ఇంజనులోని పెట్టెల నుంచి గాలి ఒత్తిడితో చక్రం ముందు చల్లుతారు. కొత్త బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించే ఆచారం మనది. జారుడు దిష్టికి మాత్రం ఇసుకే మందు.

ఇక డీజిలే ఎందుకంటారా? క్రేన్లు, లోడర్లు ఆడేచోట పట్టాలపైన కరెంటు తీగలు వేయలేరు.